నూనె నుంచి అత్తరు

బ్యాంకు పత్రికలో పురుగుల మీద వ్యాసమేమిటని అనుకుంటున్నారా? పంట రుణాలిచ్చే ప్రతి శాఖకూ ఖాతా పుస్తకంలో పేరు లేని భాగస్వామి ఒకటుంది. అది పురుగే. పంట మీద మనకెంత హక్కుందో తనకూ అంతే ఉందన్నట్లు ప్రవర్తిస్తుంది. పైగా మనకంటే ముందే వసూలు చేసుకుంటుంది. 1997-98లో వరంగల్ జిల్లా పత్తి చేలను పొగాకు లద్దెపురుగు ఊడ్చేసినప్పుడు నేను హనుమకొండలో డిగ్రీ చదువుతున్నాను. రైతులు మందు మీద మందు కొట్టారు. పురుగు చావలేదు, అప్పు మాత్రం పెరిగింది. ఆ ఏడాది పత్తి రైతుల ఆత్మహత్యల వార్తలు చదివినవాళ్లు వాటిని అంత తేలిగ్గా మరిచిపోలేరు. తరువాత ఎంబీఏ చేసి, బ్యాంకులో చేరి, గ్రామీణ శాఖల్లో తిరిగి, ఇప్పుడు కోల్‌కతాలో వ్యవసాయ రుణాల విభాగంలో పనిచేస్తున్నాను. ఇప్పటికీ ఏ రుణ ప్రతిపాదన చేతికొచ్చినా నా కన్ను ముందు వెళ్లేది పురుగుమందుల ఖర్చు రాసిన గడి మీదికే.

పశ్చిమ బెంగాల్‌లో ఆ గడి బాగా బరువెక్కేది వంకాయ దగ్గర. దేశంలో వంకాయ ఎక్కువగా పండించే రాష్ట్రాల్లో ఇదొకటి. బెంగాలీలు దాన్ని బేగున్ అంటారు. మనకు గుత్తివంకాయ ఎంతో వీళ్లకు బేగున్ భాజా అంత. ఈ పంటకు మొదటి శత్రువు కొమ్మను, కాయను తొలిచే పురుగు. తల్లి పురుగు ఆకు మీద గుడ్డు పెడుతుంది. పిల్ల పురుగు గుడ్డులోంచి బయటికి వచ్చిన కాసేపటికే లేత కొమ్మలోకో కాయలోకో దూరిపోతుంది. ఇక లోపల కూర్చున్న పురుగుకు బయట కొట్టిన మందు తగలదు. అయినా రైతు కొడుతూనే ఉంటాడు. పంటకాలంలో వారానికి రెండుసార్లు కొట్టేవాళ్లూ ఉన్నారు. ఈ పురుగు కోసమే బీటీ వంకాయను తయారుచేశారు. 2010 జనవరి, ఫిబ్రవరి నెలల్లో కేంద్రం దాని మీద ఏడు నగరాల్లో బహిరంగ చర్చలు పెట్టింది. మొదటిది కోల్‌కతాలోనే జరిగింది, మన హైదరాబాదులోనూ ఒకటి జరిగింది. ఫిబ్రవరిలో దాన్ని నిలిపివేశారు. బీటీ రాలేదు గాని పురుగు ఎక్కడికీ పోలేదు.

ఇటీవల ఒక రైతు ఉత్పత్తిదారుల సంస్థ తెచ్చిన ప్రతిపాదనలో మందుల గడి చిన్నగా ఉండి, దాని కింద ఇంకో గడి కనిపించింది: లింగాకర్షక బుట్టలు, వాటిలో పెట్టే ల్యూర్లు. బుట్టల ఖర్చు ఒక్కసారే, ల్యూర్ల ఖర్చు మాత్రం మళ్లీ మళ్లీ. కారణం అడిగితే మా వ్యవసాయాధికారి నవ్వి, "దాదా, వాసన అయిపోతుంది కదా!" అన్నాడు. సమాధానం సరైనదే. కాని అయిపోయే ఆ వాసన ఏమిటి, పురుగు దాన్ని ఎక్కడి నుంచి తెస్తుంది, మనం ఎందుకంత డబ్బు పెట్టి కొనాల్సి వస్తోంది అన్నవి అక్కడితో తేలలేదు. తెలుసుకుంటూ పోతే, నా ఎంబీఏ పుస్తకాల్లోని ఏ ఫ్యాక్టరీ ఉదాహరణా దీనికి సాటిరాదనిపించింది.

ముందు పేర్లు. మన రైతులు రెక్కల పురుగు, తల్లి పురుగు అంటారు. కవులు శలభం అన్నారు. దీపం చుట్టూ తిరిగి కాలిపోయే ప్రేమికుడిగా దానికి మన కవిత్వంలో పెద్ద పేరే ఉంది. కాని దాని అసలు ప్రేమకు దీపంతో పని లేదు. అది చీకట్లో, వాసన మీద నడిచే వ్యవహారం. (కోల్‌కతాలో కాళీపూజ రోజుల్లో దీపాల దగ్గరికి గుంపులుగా వచ్చే శ్యామా పోకాలు శలభాలు కావు. మన వరి రైతులు పచ్చ దీపపు పురుగులనేది వాటినే.) ఆడ రెక్కల పురుగు రాత్రివేళ ఒకచోట కదలకుండా కూర్చుని, కడుపు చివరి భాగాన్ని కొంచెం బయటికి చాచి, గాలిలోకి ఒక రసాయనాన్ని వదులుతుంది. శాస్త్రవేత్తలు ఈ పనిని 'పిలవడం' అనే అంటారు. ఎక్కడో ఉన్న మగ పురుగు గాలికి ఎదురెగిరి ఆ వాసన దారి పట్టుకుని వచ్చేస్తుంది.

ఫ్రాన్సులో జాన్ హెన్రీ ఫాబ్రే పంతొమ్మిదో శతాబ్దంలోనే దీన్ని గమనించాడు. వల కింద ఉంచిన ఒకే ఒక్క ఆడ శలభం కోసం రాత్రివేళ పదుల సంఖ్యలో మగవి అతని ఇంట్లోకి వచ్చిపడ్డాయి. ఆ శతాబ్దంలోనే కోల్‌కతాలో ఇండియన్ మ్యూజియం వారు మన దేశపు శలభాల లెక్క తీశారు. కోట్స్, స్విన్హో కలిసి కూర్చిన భారతదేశ శలభాల జాబితా 1887-89లో ఇక్కడే అచ్చయింది. పంటలను తినే పురుగుల మీద 'ఇండియన్ మ్యూజియం నోట్స్' అనే పత్రిక 1889లో ఇక్కడి నుంచే మొదలైంది. చౌరంగీ రోడ్డులో ఆ భవనం ముందు నుంచి నేను రోజూ వెళ్తాను. ఏ పురుగు ఏ పంటను తింటుందో అక్కడివారు రాసిపెట్టారు. అవి ఒకదాన్నొకటి ఎలా పిలుచుకుంటాయో తేలడానికి ఇంకో డెబ్బై ఏళ్లు పట్టింది.

తేల్చినవాడు జర్మనీకి చెందిన అడాల్ఫ్ బ్యుటెనాంట్. మనుషుల లైంగిక హార్మోన్ల మీద చేసిన పనికి 1939లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి పొందినవాడు. ఆయన తీసుకున్నది పట్టుపురుగును. పట్టు కోసం పెంచే పురుగు కాబట్టి లక్షల్లో దొరుకుతుంది. సుమారు 5 లక్షల ఆడ పురుగుల గ్రంథులు కోసి, ఇరవై ఏళ్లపాటు శుద్ధి చేస్తే చేతికి మిగిలింది కొన్ని మిల్లీగ్రాములు. దానికి బాంబికాల్ అని పేరు పెట్టి 1959లో ప్రకటించారు. ఒక జీవి బయటికి వదిలి అదే జాతిలోని ఇంకో జీవి ప్రవర్తనను మార్చే రసాయనానికి 'ఫెరోమోన్' అన్న మాట పుట్టిందీ ఆ ఏడాదే. ధర్మవరం చీర కట్టుకున్నవారైనా, ముర్షిదాబాద్ పట్టు కట్టుకున్నవారైనా ఈ కథలో దూరపు చుట్టాలే.

ఇక ఫ్యాక్టరీలోకి వెళ్దాం. అది ఆడ పురుగు కడుపు చివర, 8, 9 ఖండాల మధ్య ఉండే పలుచని పొరలో ఉంది. ఒక్క వరుస కణాలు, అంతే. దాని ముడిసరుకు వింటే ఆశ్చర్యం వేస్తుంది. మన వంటింటి నూనెలో ఉండే కొవ్వు ఆమ్లమే!

కొవ్వు ఆమ్లాన్ని ఒక గొలుసుగా ఊహించుకోండి. కార్బన్ పరమాణువులు ఒకదాని చేయి ఒకటి పట్టుకుని వరుసగా నిలబడతాయి. ఒక చివర ఆమ్లపు తల ఉంటుంది. పురుగు శరీరంలో ఈ గొలుసు అసిటైల్ కో-ఏ అనే రెండు కార్బన్ల ముక్కతో మొదలవుతుంది. రెండేసి కార్బన్ల చొప్పున చేర్చుకుంటూ పోతే ఎనిమిది ముక్కలకు పదహారు కార్బన్ల గొలుసు తయారవుతుంది. దాని పేరు పామిటిక్ ఆమ్లం. పామాయిల్‌లో దండిగా ఉండేది, పేరు కూడా పామ్ నుంచి వచ్చింది. మన కాలేయం కూడా తిన్న అన్నాన్ని ఇదే పద్ధతిలో కొవ్వుగా మారుస్తుంది. ఇంకో రెండు చేరిస్తే పద్దెనిమిది కార్బన్ల స్టియరిక్ ఆమ్లం వస్తుంది. ఇంతవరకు పురుగుకూ మనకూ తేడా లేదు.

తేడా తరువాతి మెట్టులో వస్తుంది. ఈ గొలుసులో ఒకచోట రెండు కార్బన్ల మధ్య బంధాన్ని ద్విబంధంగా మార్చే ఎంజైమ్‌లు ఉంటాయి. వాటిని డీసాట్యురేజ్‌లు అంటారు. మన శరీరంలో ఉన్న ముఖ్యమైన డీసాట్యురేజ్ తల వైపు నుంచి లెక్కపెట్టి తొమ్మిదో కార్బన్ దగ్గర పనిచేస్తుంది. వేరుశనగ నూనెలో దండిగా ఉండే ఓలియిక్ ఆమ్లంలో ద్విబంధం ఉండేది అక్కడే. శలభాల గ్రంథిలో మాత్రం పదకొండో కార్బన్ దగ్గర ద్విబంధం పెట్టే ప్రత్యేకమైన ఎంజైమ్ ఉంది. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో వెండెల్ రోలాఫ్స్ బృందం 1980లలో దీన్ని బయటపెట్టింది. పాత ఎంజైమ్ జన్యువుకు ఎప్పుడో నకళ్లు పడి, ఒక నకలు ఈ కొత్త పని నేర్చుకుందన్నమాట.

ద్విబంధం పడినచోట గొలుసు రెండు రకాలుగా నిలబడవచ్చు. మోచేయి దగ్గర మడిచిన చేయిలా వంగి ఉండవచ్చు, లేదా చాచిన చేయిలా దాదాపు తిన్నగా ఉండవచ్చు. రసాయనశాస్త్రంలో మొదటిది జడ్ రూపం, రెండోది ఇ రూపం. కార్బన్ల సంఖ్య అదే, బరువు అదే, మరిగే ఉష్ణోగ్రతలోనూ పెద్ద తేడా ఉండదు. కాని మగ పురుగుకు ఇవి రెండూ పూర్తిగా వేర్వేరు వాసనలు. మనం వంపు రూపం, తిన్నని రూపం అనుకుందాం.

ఇక్కడ నాకు అన్నిటికంటే నచ్చిన లెక్క ఒకటుంది. కొన్ని శలభాలు గొలుసుకు ద్విబంధం పెట్టాక దాన్ని కత్తిరిస్తాయి. కత్తిరించడం ఎప్పుడూ తల వైపు నుంచే, ఎప్పుడూ రెండు కార్బన్లే. పదహారు కార్బన్ల గొలుసులో ద్విబంధం పదకొండో చోట ఉందనుకోండి. రెండు తీస్తే గొలుసు పద్నాలుగు, తల జరిగింది కాబట్టి ద్విబంధం తొమ్మిదో చోటికి వచ్చినట్లు. ఇంకో రెండు తీస్తే గొలుసు పన్నెండు, ద్విబంధం ఏడో చోట. క్యాబేజీ లూపర్ అనే పురుగు సరిగ్గా ఇలాగే తన వాసనను తయారుచేసుకుంటుంది. ఒకే ఎంజైమ్ ఒకే చోట పెట్టిన గుర్తు, కత్తిరింపును బట్టి వేర్వేరు సరుకులుగా మారుతుంది. కాబట్టి ఏ శలభపు వాసన అణువును చూసినా దాన్ని వెనక్కి లెక్కకట్టవచ్చు. ఎన్ని కార్బన్లు, ద్విబంధం ఎక్కడ అని చూస్తే ఏ మెట్లెక్కి వచ్చిందో చాలావరకు ఊహించవచ్చు. ఆడిట్ చేసినవాళ్లకు ఇందులో ఉన్న ఆనందం వేరే చెప్పక్కర్లేదు.

ఈ పన్నెండు కార్బన్ల అణువు ముగింపు మెరుగులు కూడా దిద్దుకున్నాక ఇంకో వింత చోట కనిపించింది. ఆసియా ఆడ ఏనుగు జతకు సిద్ధంగా ఉన్నప్పుడు దాని మూత్రంలో ఉండే సంకేతం అచ్చంగా ఇదే రసాయనమని 1996లో తేలింది. డువార్స్ అడవుల్లోని ఏనుగూ, క్యాబేజీ ఆకు మీది పురుగూ ఒకే మాట వాడుతున్నాయి. అలాగని మగ ఏనుగు క్యాబేజీ చేలకు పరుగెత్తదు. పురుగు వదిలే మోతాదు దాని తొండానికి ఆనదు. మగ పురుగూ ఏనుగు దగ్గరికి పోదు. దాని జాతి వాసనలో ఈ అణువుతోపాటు ఇంకొన్ని ఉండాలి, అవీ సరైన పాళ్లలో ఉండాలి.

ఆ పాళ్ల విషయానికి వచ్చే ముందు చివరి మెట్టు చెప్పాలి. ఇప్పటిదాకా గొలుసుకు ఆమ్లపు తల ఉంది. ఆ రూపంలో అది గాలిలోకి తేలిగ్గా లేవదు. రిడక్టేజ్ అనే ఎంజైమ్ ఆ తలను ఆల్కహాల్‌గా మారుస్తుంది. పట్టుపురుగు అక్కడితో ఆగుతుంది. బాంబికాల్ ఒక ఆల్కహాల్. చాలా శలభాలు ఇంకో అడుగు వేసి ఆ ఆల్కహాల్‌ను అసిటేట్‌గా మారుస్తాయి. మరికొన్ని ఆల్డిహైడ్‌గా మారుస్తాయి. పత్తిని, కందిని, శనగను తినే మన శనగపచ్చ పురుగు ఆల్డిహైడ్ రకం. వంకాయ పురుగు అసిటేట్ రకం. దాని ముఖ్య రసాయనం పదహారు కార్బన్ల గొలుసు, పదకొండో చోట ద్విబంధం, తిన్నని రూపం, తలకు అసిటేట్. ఇప్పుడు పైన చెప్పిన లెక్క పెట్టి చూడండి. పామిటిక్ ఆమ్లం, పదకొండో చోట గుర్తు, కత్తిరింపు లేదు, ఆల్కహాల్, అసిటేట్. అసిటేట్‌గా మారక మిగిలే ఆ ఆల్కహాల్ కూడా ఈ వాసనలో భాగమే, నూటికి ఒక పాలు.

పట్టుపురుగు ఈ దారిలోనే చిన్న గారడీ చేస్తుంది. దాని డీసాట్యురేజ్ ముందు పదకొండో చోట ఒక ద్విబంధం పెడుతుంది. తరువాత అదే ఎంజైమ్ మళ్లీ పనిచేసి దాన్ని చెరిపి, అటూ ఇటూ పదో చోట ఒకటి, పన్నెండో చోట ఒకటి పెడుతుంది. ఒకే ఉద్యోగి రెండు డెస్కుల పని చేసినట్లు. జపాన్ శాస్త్రవేత్తలు 2004 ప్రాంతంలో దీన్ని నిరూపించారు.

ఇప్పుడు పాళ్లు. శనగపచ్చ పురుగు వాసనలో పదహారు కార్బన్ల ఆల్డిహైడ్లు రెండు ముఖ్యం. ఒకదానికి ద్విబంధం పదకొండో చోట, ఇంకోదానికి తొమ్మిదో చోట, రెండూ వంపు రూపాలే. నిష్పత్తి సుమారు 97కి 3. దాని చెల్లెలి వరసైన ఇంకో జాతి ఉంది, పొగాకు మొక్కల మీద బతికేది. దాని వాసనలోనూ ఇవే రెండు. కాని లెక్క తిరగబడింది, తొమ్మిదో చోటు రకమే తొంభై పాళ్లకు పైన. ఇక మన వరిలో కాండం తొలిచే పసుపు పురుగు తీసుకోండి. గోదావరి డెల్టాలోనైనా, బర్ధమాన్‌లోనైనా తెల్లకంకికి కారణం అదే. దాని వాసనలో కూడా ఈ రెండే ముఖ్యం, పదకొండో చోటు రకం 3 పాళ్లు, తొమ్మిదో చోటు రకం 1 పాలు. మూడు పురుగులు, రెండే సరుకులు, మూడు కలగలుపులు. ఏ మగదీ పొరపాటు పడదు.

ఇదెలా సాధ్యమో మన లాకర్ గదికి వెళ్తే అర్థమవుతుంది. మగ పురుగు మీసాల మీద సన్నని వెంట్రుకలు వేల సంఖ్యలో ఉంటాయి. మగ పట్టుపురుగు ఒక్కో మీసం మీద వాసన పట్టే పొడవాటివి సుమారు 17,000. వాటిలోని నాడీకణాలు ఒక్కో రసాయనానికి ఒక్కో రకం. బ్యాంకు తాళంచెవి ఒకటి, ఖాతాదారుడి తాళంచెవి ఒకటి పడితేనే లాకర్ తెరుచుకున్నట్లు, రెండు రకాల కణాలకూ సరైన పాళ్లలో కబురు అందితేనే మగ పురుగు ముందుకు కదులుతుంది. ఆ కణాలు ఎంత చురుకైనవంటే బాంబికాల్ ఒక్క అణువు తగిలినా నాడిలో స్పందన పుడుతుందని 1970 నాటికే లెక్కగట్టారు.

ఆడదాని ఫ్యాక్టరీలో ఏ ఎంజైమ్ కాస్త మారినా కలగలుపు మారుతుంది, కలగలుపు మారితే పెళ్లి సంబంధాలే మారిపోతాయి. యూరప్ మొక్కజొన్న పురుగులో రెండు తెగలున్నాయి. ఒక తెగ వాసనలో వంపు రూపం ఎక్కువ, ఇంకో తెగలో తిన్నని రూపం ఎక్కువ. ఈ తేడాకు కారణం రిడక్టేజ్ జన్యువు ఒక్కటేనని 2010లో స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయం వారు చూపించారు.

ఫ్యాక్టరీ సరే, స్విచ్ ఎవరి చేతిలో ఉంది? ఆడ పురుగు పగలంతా ఈ పని చేయదు. రాత్రి, అదీ కొన్ని గంటలే. జత కూడాక మానేస్తుంది. 1984లో అమెరికాలో అశోక్ రైనా, జెరోమ్ క్లన్ ఒక సూటి ప్రయోగం చేశారు. మొక్కజొన్న కంకి పురుగు ఆడదానికి మెడ దగ్గర దారంతో బిగించి కట్టారు. తలలోంచి ఏదీ కిందికి రాకుండా చేస్తే వాసన తయారీ ఆగిపోయింది. ఇంకో పురుగు మెదడు నుంచి తీసిన సారాన్ని ఎక్కించగానే మళ్లీ మొదలైంది. అంటే ఆర్డరు తల నుంచి వస్తోంది. 1989లో ఆ ఆర్డరు కాగితం ఏమిటో తెలిసింది. 33 అమైనో ఆమ్లాల చిన్న ప్రోటీన్, మెదడుకు ఆనుకుని గొంతు కింద ఉండే నాడీ ముడి నుంచి వస్తుంది. దాన్ని పీబాన్ అంటారు.

పీబాన్ గ్రంథి కణం తలుపు తట్టగానే కణంలోకి కాల్షియం వస్తుంది, యంత్రాలు మొదలవుతాయి. ఏ యంత్రం ముందు తిరుగుతుందన్నది జాతిని బట్టి ఉంటుంది. శనగపచ్చ పురుగు కుటుంబంలో గొలుసు అల్లే మొదటి పనే వేగం అందుకుంటుంది. పట్టుపురుగులో సరుకు ముందే కొవ్వు బొట్లుగా గ్రంథిలో నిల్వ ఉంటుంది. ఆర్డరు రాగానే గోదాము తలుపు తెరిచి, చివరి రిడక్టేజ్ పని మాత్రం చేస్తారు. మేనేజ్‌మెంట్ పాఠాల్లో ఆర్డరు వచ్చాక తయారుచేసే కంపెనీ, సగం తయారుచేసి నిల్వపెట్టుకునే కంపెనీ అని రెండు రకాలు చెబుతారు. పురుగులు రెండూ చేస్తున్నాయి. ఇంత చేసి ఒక రాత్రి గ్రంథిలో ఉండే సరుకు నానోగ్రాముల్లోనే. నానోగ్రామంటే గ్రాములో వంద కోట్లవ వంతు.

ఇంత నమ్మకమైన వ్యవస్థ ఉన్నచోట మోసగాడు లేకుండా ఉంటాడా? అమెరికా ఖండాల్లో బోలాస్ అనే సాలీడు ఉంది. అది గూడు అల్లదు. ఒక దారం చివర జిగురు ముద్ద పట్టుకుని కూర్చుని, ఆడ శలభం వాసనను తానే తయారుచేసి వదులుతుంది. ఆశగా వచ్చిన మగదాన్ని జిగురు ముద్దతో కొట్టి పట్టుకుంటుంది. ఓటీపీ అడిగే ఫోన్లు వచ్చినప్పుడు ఖాతాదారులకు ఈ సాలీడు కథ చెప్పవచ్చు.

పొలంలో మనం పెట్టే లింగాకర్షక బుట్ట చేసేదీ దాదాపు ఆ సాలీడు పనే. రబ్బరు బిరడాలోనో ప్లాస్టిక్ గొట్టంలోనో కృత్రిమంగా చేసిన ఆ రసాయనాల కలగలుపును ఇంకిస్తారు. అదే ల్యూర్. అది మూడు నాలుగు వారాలపాటు కొంచెం కొంచెంగా గాలిలో కలుస్తుంది. ఆ తరువాత 'వాసన అయిపోతుంది'. మన ప్రాంతంలో దీని మీద చాలా పని జరిగింది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శనగపచ్చ పురుగు రాకను కనిపెట్టడానికి ఈ బుట్టలను వాడింది. రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ కాండం తొలుచు పురుగు మీద ప్రయోగాలు చేసింది. ఈ రసాయనాలను తయారుచేసే పద్ధతుల మీద హైదరాబాదులోని ఐఐసీటీ పనిచేసింది. బీటీ పత్తిని గులాబీ రంగు పురుగు తట్టుకోవడం మొదలయ్యాక పత్తి రైతులు మళ్లీ ఈ బుట్టల వైపు చూస్తున్నారు.

ఇంత రసాయనం తెలిశాక రుణ ప్రతిపాదనను చదివే తీరు మారుతుంది. ల్యూర్ ధరలు బజారులో ఒకదానికీ ఇంకోదానికీ చాలా తేడాగా ఉంటాయి. చవకగా దొరికేదే కొంటామని రైతు అనడం సహజం. కాని వంపు రూపానికీ తిన్నని రూపానికీ తేడాను మగ పురుగు పసిగడుతుందని మనకిప్పుడు తెలుసు. శుద్ధి సరిగా లేని రసాయనంలో రెండో రూపం కలిసి ఉంటే బుట్ట ఖాళీగానే వేలాడవచ్చు. ఖాళీ బుట్టను చూసి పురుగు లేదనుకున్న రైతు మందు మానేస్తే నష్టం రెండింతలు. ఆల్డిహైడ్ ల్యూర్లకు ఎండ, గాలి పడవు, వాడేదాకా ఫ్రిజ్‌లో ఉంచాలి. పత్తి ల్యూర్ పట్టుకున్న చేత్తో వంకాయ ల్యూర్ ముట్టుకోకూడదు. సంస్థకు మంచి సరఫరాదారుడు, చల్లని నిల్వ ఉన్నాయా అన్నవి ట్రాక్టరు కొటేషన్ చూసినంత శ్రద్ధగా చూడాల్సినవే.

దీనికంటే పెద్ద విషయం ఇంకొకటుంది. బుట్టలో పడేది మగవే. గుడ్లు పెట్టేది ఆడవి. ఒక మగ పురుగు ఒకటికి మించి ఆడవాటితో జతకడుతుంది కాబట్టి, సగం మగవి పట్టుబడినా మిగతా సగం పని కానిచ్చేస్తాయి. పైగా పక్క పొలంలో జతకట్టిన ఆడ పురుగు గట్టు దాటి వచ్చి మన పొలంలో గుడ్లు పెడితే మన బుట్టలు చేయగలిగింది ఏమీ లేదు. అర ఎకరం వంకాయ వేసిన ఒక్క రైతు నలభై బుట్టలు కట్టినా చుట్టూ ఉన్నవాళ్లు కట్టకపోతే అది చాలావరకు వృథా ఖర్చు. ఎకరానికి నాలుగైదు బుట్టలు పెట్టి, పడిన పురుగుల లెక్కను బట్టి మందు ఎప్పుడు కొట్టాలో నిర్ణయించుకోవడం ఒక్క రైతుకైనా లాభమే. అదే పురుగులను పట్టి తగ్గించాలంటే మాత్రం ఒక ఊరి చేలన్నీ ఒకేసారి, నాటిన కొద్దిరోజులకే మొదలుపెట్టాలి. పాడైన కొమ్మలను కోసి తగలబెట్టడమూ దానితోపాటు సాగాలి. అందుకే ఈ గడి ఉన్న ప్రతిపాదన విడి రైతు దగ్గర నుంచి వస్తే నేను పెద్దగా ఉత్సాహపడను. ఒకే చోట చేలున్న రైతుల సంఘం నుంచి వస్తే మాత్రం, ల్యూర్ల ఖర్చును పంటకాలం పొడవునా వర్కింగ్ క్యాపిటల్‌లో లెక్కించి ఇవ్వడమే సరైనదని నా అభిప్రాయం. మొదటి నెలకు సరిపడా మంజూరు చేసి మిగతాది కోసేస్తే, పురుగు ఎక్కువయ్యే సమయానికి బుట్టల్లో వాసన ఉండదు.

ల్యూర్ ఖరీదు ఎందుకంటే, ద్విబంధం సరైన చోట, సరైన రూపంలో పడేలా ప్రయోగశాలలో చేయడం చాలా మెట్ల పని. పురుగు ఒక్క ఎంజైమ్‌తో చేసేదానికి మనకు అనేక రసాయనాలు, ద్రావకాలు, శుద్ధి కావాలి. అందుకే ఆ ఎంజైమ్ జన్యువులనే అరువు తెచ్చుకునే దారి మొదలైంది. లుండ్ బృందం 2014లో పొగాకు జాతి మొక్క ఆకుల్లో శలభపు జన్యువులు పెట్టి ఈ రసాయనాలను తీసింది. డెన్మార్క్‌లో పుట్టిన బయోఫెరో అనే కంపెనీ ఈస్ట్‌ను పులియబెట్టి అదే పని చేయించింది. 2022లో దాన్ని ఎఫ్ఎంసీ అనే పెద్ద పురుగుమందుల కంపెనీ కొనేసింది. ఆ ఏడాదే కమెలీనా అనే నూనెగింజ మొక్క వార్త వచ్చింది. అది ఆవాల కుటుంబానిదే. పదకొండో చోట ద్విబంధం పెట్టే శలభపు జన్యువును అందులో చేర్చారు. గింజల నూనెలో ఆ గొలుసు తయారైంది. దాన్ని తీసి ఆల్కహాల్‌గా, అసిటేట్‌గా, ఆల్డిహైడ్‌గా మార్చడం తేలికైన పని. క్యాబేజీలో డైమండ్ మచ్చల పురుగు మీద, మన శనగపచ్చ పురుగు మీద పొలాల్లో పరీక్షించి చూస్తే ఆ వాసన పనిచేసింది.